ఆట ఆగిన తరవాత ఆటగాడెక్కడ?

క్రీడలు దేహానికి దారుఢ్యాన్ని, మనసుకు ఉల్లాసాన్ని ఇస్తాయని ప్రతి వార్షికోత్సవ సభలోనూ వింటుంటాం. ఇంటికి పోతే మాత్రం "ఆటలు కూడు పెడతయా?" అన్న ప్రశ్న ఎదురొస్తుంది. ఈ రెండు మాటల నడుమ నలిగిపోయేవాడే మన ఆటగాడు. ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే తులసీదాస్ బలరామ్ జీవితాన్ని చూడాలి.

బలరామ్ 1936లో సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పేద ఇంట పుట్టారు. ఆయనలోని ఆటను గుర్తించినవారు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. రహీమ్ సాబ్ మన ఉస్మానియాలో చదివి, బడి పంతులుగా పనిచేసినవారు. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దింది ఆయనే. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా పుణ్యమా అని రహీమ్ పేరు ఈ తరానికి తెలిసింది. శిష్యుడి పేరు ఎంతమందికి తెలుసు?

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన భారత జట్టులో బలరామ్ ఉన్నారు. అప్పటికాయనకు ఇరవై ఏళ్ళు, అంటే ఇప్పటి నా వయసే! 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ చేతిలో మనం 2-1తో ఓడాం. ఆ ఒక్క గోలు బలరామ్‌దే. పెరూ మీద మనం వేసిన ఏకైక గోలు కూడా ఆయనదే. 1961లో కలకత్తాలో ఈస్ట్ బెంగాల్‌కు నాయకుడు. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టులో చున్నీ గోస్వామి, పి.కె. బెనర్జీలకు జోడీ ఆయనే. అదే ఏడు అర్జున అవార్డు వచ్చింది.

మరుసటి సంవత్సరమే ఆట ఆగిపోయింది. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వాపు వచ్చే జబ్బు అది. గాలి పీల్చినప్పుడల్లా ఎదలో నొప్పి పొడుస్తుంది. పరుగే ప్రాణమైనవాడికి ఇంతకన్నా శిక్ష ఏముంటుంది? ఇరవై ఏడేళ్ళు నిండకముందే బూట్లు విప్పేయాల్సి వచ్చింది. ఆ 1963లోనే రహీమ్ సాబ్ కూడా కేన్సర్‌తో కన్నుమూశారు.

ఆ తరవాత బలరామ్ దాదాపు అరవై ఏళ్ళు బతికారు. రైల్వే ఉద్యోగం చేశారు, కలకత్తా కుర్రవాళ్ళకు కొంతకాలం తర్ఫీదు ఇచ్చారు, ఉత్తరపాడాలో స్థిరపడ్డారు. చున్నీకి 1983లో, పి.కె.కు 1990లో పద్మశ్రీ దక్కింది. మూడోవారికి దక్కలేదు. 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో మరణించారు. పద్మశ్రీ రాకపోవడం అన్యాయమే గాని, నా బాధ అంతకన్నా పెద్దది. ఆ అరవై ఏళ్ళలో ఆయన విద్య మన ఊళ్ళ పిల్లలకు ఎంత అందింది?

దీనికి పోలికగా ఐర్లండు గోల్ఫ్ ఆటగాడు హారీ బ్రాడ్‌షా సంగతి చెబుతాను. 1949 బ్రిటిష్ ఓపెన్‌లో ఆయన బంతి పగిలిన సీసాలో పడింది. పంచాయితీ పెట్టకుండా, నిబంధన ఏమిటో అడగకుండా, సీసాతో సహా కొట్టేశాడు. చివరికి బాబీ లాక్‌తో సమానంగా నిలిచి, ప్లేఆఫ్‌లో ఓడిపోయాడు. ఆ టైటిలు ఆయనకు ఎన్నడూ రాలేదు. కాని ఆ దేశంలో గోల్ఫ్ ప్రొఫెషనల్ అంటే టోర్నమెంట్లు ఆడేవాడు మాత్రమే కాదు. ఒక క్లబ్బును అంటిపెట్టుకొని అక్కడివారికి ఆట నేర్పేవాడు. తండ్రిదీ అదే వృత్తి. బ్రాడ్‌షా 1950 నుంచి దాదాపు నలభై ఏళ్ళు, బతికినంతకాలం, పోర్ట్‌మార్నక్ క్లబ్బులోనే ఆ పని చేశాడు. ఓడినా ఆయన విద్య వృథా పోలేదు.

మా సిర్గాపూర్, నారాయణఖేడ్ వైపు జాతరల్లో కుస్తీలు పడతారు. కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండి కడెం దాకా పోతుంది. గెలిచినోణ్ణి భుజాల మీద ఎత్తుకుంటారు. తెల్లారితే వాడు మళ్ళీ పత్తిచేన్లనే. వయసు పైబడినంక వాడి పట్లు నేర్చుకునేటోళ్ళేరి? రైతు ఎంత లేమిలో ఉన్నా పంటంతా అమ్ముకోడు, విత్తనానికి కొంత దాచుకుంటాడు. ఆటగాడి అనుభవమూ విత్తనమే. మనం పంట తిని విత్తనాన్ని పారబోస్తున్నాం.

కాబట్టి మన విద్యార్థి సంఘానికి నాదొక విన్నపం. క్రీడోత్సవం నాడు శాలువా కప్పి పంపే ఆటగాణ్ణి ఏడాదంతా మన మైదానానికి పిలుద్దాం. మనం కట్టే ఆటల ఫీజులోంచి కొంత గౌరవవేతనంగా ఇద్దాం. వారానికి రెండు సాయంత్రాలు చాలు. కబడ్డీ అయినా, కుస్తీ అయినా, ఫుట్‌బాల్ అయినా సరే. ఆటలు కూడు పెట్టాలంటే ముందు ఆటను విద్యగా, ఆటగాణ్ణి గురువుగా చూడటం నేర్చుకోవాలి. బలరామ్‌కు మనం చేయలేనిది, ఇవాళ మన మధ్య ఉన్నవాళ్ళకైనా చేయలేమా?