ఒక్క సంతకం దూరంలో కెనడా

విజయవాడలో ఒకమ్మాయి ఉందనుకోండి. ముప్ఫై మూడేళ్లు. విడాకులై నాలుగేళ్లయింది. తొమ్మిదేళ్ల పాప ఉంది. 'ఎన్నాళ్లిలా ఉంటావే' అని అమ్మానాన్నా పోరగా పోరగా టొరంటోలో స్థిరపడిన ఒకతన్ని చేసుకుంది. అతనికీ ఇది రెండోదే. పెళ్లిచూపులనాడే 'పాప కూడా మాతోనే' అన్నాడు. ఆ ఒక్క మాటకే అమ్మాయి తండ్రి కళ్లు తుడుచుకున్నాడు. పాపైతే బళ్లో స్నేహితులకు మంచుబొమ్మల కబుర్లు చెప్పడం కూడా మొదలెట్టేసింది.

పెళ్లి ఫొటోలు, సర్టిఫికెట్లు, విడాకుల డిక్రీ, పాప జనన ధ్రువపత్రం... అన్నీ ఫైల్లో సర్దుతుంటే అడుగున ఒక ఫారం మిగిలింది. దాని మీద సంతకం పెట్టాల్సింది పెళ్లికొడుకు కాదు, పెళ్లికూతురూ కాదు. నాలుగేళ్లుగా ముఖం కూడా చూడని మాజీ భర్త!

ఆ ఫారం నంబరు ఐఎంఎం 5604. పద్దెనిమిదేళ్లలోపు బిడ్డ తల్లిదండ్రుల్లో ఒక్కరితోనే కెనడాకు వలస వెళ్తుంటే, వెంట రాని రెండోవారు 'నాకు అభ్యంతరం లేదు' అని రాసిచ్చే పత్రమది. నోటరీ ఎదుట సంతకం చేయాలి, గుర్తింపు కార్డు నకలు జతచేయాలి. చూడ్డానికి చిన్న కాగితమే. సరిగ్గా ఇక్కడే చాలా ఇళ్లలో పెళ్లిసందడి ఆగిపోయి, మళ్లీ ప్లీడరు గుమస్తాకు ఫోన్లు మొదలవుతాయి.

'విడాకులైపోయాయిగా, పాప నా దగ్గరే ఉందిగా, ఇంకా ఆయనతో పనేంటి?' ఏ తల్లికైనా మొదట వచ్చే ప్రశ్న ఇదే. కోపమూ వస్తుంది. ఫీజు కట్టనివాడు, పుట్టినరోజుకు ఫోన్ చేయనివాడు ఇప్పుడు అడ్డుపడటమేంటని! కోపం న్యాయమైనదే కావచ్చు. కానీ చట్టం లెక్క వేరు. విడాకులతో తెగేది భార్యాభర్తల బంధమే. తండ్రీబిడ్డల బంధాన్ని ఏ డిక్రీ తెంపదు.

1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షక చట్టం ఆరో సెక్షన్ ప్రకారం పెళ్లి చేసుకున్న దంపతుల బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తల్లి. అయిదేళ్లలోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలంటుంది అదే సెక్షన్. ఆ 'తర్వాత' అన్న మాటకు తండ్రి చనిపోయాక అని మాత్రమే అర్థం కాదని, ఆయన అందుబాటులో లేకపోయినా, పట్టించుకోకపోయినా తల్లే సంరక్షకురాలని 1999లో సుప్రీంకోర్టు గీతా హరిహరన్ కేసులో చెప్పింది. అది తల్లులకు పెద్ద ఊరట. అయినా బతికున్న తండ్రిని లెక్కలోంచి తీసేయలేదు. బిడ్డ ఎవరి దగ్గర పెరగాలన్నది ఒకటి, బిడ్డ దేశం దాటొచ్చా అన్నది ఇంకొకటి. మొదటిదానికి వచ్చిన తీర్పు రెండోదానికి దానంతటదే సరిపోదు.

ఇదే ఆరో సెక్షన్ చివర చాలామంది చూడని వివరణ ఒకటుంది. ఈ సెక్షన్లో తండ్రి అంటే సవతి తండ్రి కాదు, తల్లి అంటే సవతి తల్లి కాదు అని. అంటే టొరంటోలో పాపకోసం గది సర్ది, గోడకు గులాబీరంగు వేయించిన ఆ మనిషికి మన చట్టం దృష్టిలో సంరక్షకుడిగా ఏ హోదా లేదు. నిష్ఠూరంగా ఉన్నా అదే నిజం.

ఒక్కో దేశానిది ఒక్కో తీరు

కెనడా మాత్రమే కాదు. ఆస్ట్రేలియాకు 1229 నంబరు ఫారం ఉంది. బిడ్డ ఎక్కడ ఉండాలో నిర్ణయించే హక్కున్న ప్రతి ఒక్కరూ ఒప్పుకోవాలి, లేదంటే బిడ్డను తీసుకెళ్లడానికి సొంత దేశపు చట్టం అనుమతిస్తోందని చూపాలి. బ్రిటన్‌లో, రెండో తల్లో తండ్రో బతికే ఉండి అక్కడ లేకపోతే, బిడ్డ బాధ్యత మొత్తం తానొక్కరే మోస్తున్నట్టు రుజువులు పెట్టాలి. చదువు, వైద్యం లాంటి నిర్ణయాలు ఎవరు చేస్తున్నారో చూస్తారు. అమెరికాలో అన్నిటికన్నా ముందు చూసేది తేదీ. బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండకముందే ఆ పెళ్లి జరిగి ఉంటేనే సవతి బిడ్డగా గుర్తిస్తారు. ఆ తర్వాత బిడ్డ ఎవరి సంరక్షణలో ఉందో తెలిపే కోర్టు కాగితాలు అడగొచ్చు.

పాస్‌పోర్టు విషయంలో పడే తికమక ఇంకోటి. 2016 డిసెంబరులో మన విదేశాంగ శాఖ నిబంధనలు సడలించింది. దరఖాస్తులో తల్లిదండ్రుల్లో ఒక్కరి పేరు ఇచ్చినా చాలంది. మైనరు పాస్‌పోర్టుకు రెండోవారి సమ్మతి లేకపోతే కారణం తెలుపుతూ అనుబంధం-సి అనే డిక్లరేషన్ ఇస్తే సరిపోతుంది. అందుకే పాస్‌పోర్టు చేతికి రాగానే 'అయిపోయింది, ఇక ఆయన్ని అడగక్కర్లేదు' అనుకుంటారు. పాస్‌పోర్టు మనదేశం ఇచ్చేది, వీసా అవతలి దేశం ఇచ్చేది. ఇక్కడ అవసరపడని సంతకం అక్కడ అవసరపడుతుంది.

ఆయన ఎందుకు పెట్టడంటే...

కొందరు కక్షతోనే పెట్టరు. కొందరు బేరం పెడతారు. ఇచ్చిన భరణం వెనక్కిమ్మంటారు, పాత కేసు ఎత్తేయమంటారు. అలాంటివాళ్ల గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు, కోర్టుకు వెళ్లాల్సిందే. కానీ అందరూ అలాంటివాళ్లు కాదు. ఎక్కువగా కనిపించేది భయం. సంతకం పెడితే బిడ్డను రాసిచ్చేసినట్టే అనుకుంటాడు. కొత్త నాన్న ఇంటిపేరు పెట్టేస్తారని, తనను అంకుల్ అని పిలిపిస్తారని బెంగ. నాయనమ్మ సరేసరి, 'మన పిల్లను ఎవరికో దత్తత ఇచ్చేస్తున్నాడు' అని శోకాలు మొదలెడుతుంది.

నిజానికి సమ్మతి పత్రం వేరు, దత్తత వేరు. దత్తత ఇస్తే పుట్టింటి బంధాలు చట్టప్రకారం తెగిపోతాయి. దానికీ తండ్రి సమ్మతి కావాలి, పద్ధతీ వేరు. వలసకు ఇచ్చే సమ్మతిలో అలాంటిదేమీ లేదు. తండ్రి తండ్రిగానే ఉంటాడు. బిడ్డను చూసే హక్కు పోదు, పోషించాల్సిన బాధ్యతా పోదు. ఈ ఒక్క ముక్క ముందే విడమరచి చెప్పి ఉంటే సగం గొడవలు నోటరీ దగ్గరే తేలిపోయేవి. చెప్పేది ఎవరన్నది కూడా ముఖ్యమే. కొత్త పెళ్లికొడుకు ఫోన్ చేసి అడిగితే పౌరుషం అడ్డొస్తుంది. పాత మావయ్యగారో, ఇద్దరికీ తెలిసిన పెద్దాయనో వెళ్లి కూర్చుంటే మాట మెత్తబడుతుంది.

తండ్రి భయంలో ఒకటి మాత్రం కొట్టిపారేయలేనిది. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి అక్రమంగా తీసుకెళ్లిన పిల్లలను వెనక్కి రప్పించడానికి 1980 నాటి హేగ్ ఒప్పందం ఉంది. అందులో భారత్ చేరలేదు. రేపు మాట తప్పితే ఆ దారిన బిడ్డను రప్పించుకునే వీలు ఇక్కడి తండ్రికి లేదు. అందుకే అతనడిగే హామీలను చాదస్తం అని తీసిపారేయకూడదు.

కోర్టు ఏం చూస్తుంది?

ఎంత చెప్పినా ఒప్పుకోకపోతే కుటుంబ న్యాయస్థానమే దిక్కు. సంరక్షణ కేసును బిడ్డ మామూలుగా నివసించే ఊరి కోర్టులోనే వేయాలి. అంటే మన పాప కేసు విజయవాడలోనే. తండ్రి జాడ తెలియకపోతే కోర్టు అనుమతితో పత్రికలో నోటీసు వేయిస్తారు. లోపలి పేజీల్లో చిన్న అక్షరాలతో వచ్చే ఆ నోటీసులను ఎవరూ చదవరనుకుంటాం. ఏదో ఒక బిడ్డ ప్రయాణం వాటిలో ఇరుక్కుని ఉండొచ్చు.

కోర్టు ముందు అమ్మ గెలిచిందా నాన్న గెలిచాడా అన్న లెక్క లేదు. బిడ్డ క్షేమమే అన్నిటికన్నా పైన. బిడ్డ తన ఇష్టం చెప్పగల వయసులో ఉంటే అదీ వింటారు. 2010లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి కేసే వచ్చింది. పరస్పర అంగీకారంతో విడిపోయిన దంపతులు. తల్లికి ఆస్ట్రేలియాలో ఉద్యోగం వచ్చింది, పిల్లాణ్ని తీసుకెళ్తానంది. ముందు రాసుకున్న ఒప్పందం మార్చడానికి వీల్లేదన్నాడు తండ్రి. న్యాయమూర్తులు పిల్లాడితో స్వయంగా మాట్లాడారు. అమ్మతో వెళ్తానన్నాడు వాడు. పిల్లల సంరక్షణ ఉత్తర్వులు రాతిమీద రాతలు కావని, బిడ్డ అవసరాన్ని బట్టి మార్చవచ్చని చెప్పి కోర్టు పంపింది. ఏటా ఇండియాకు తీసుకొచ్చి తండ్రి దగ్గర ఉంచాలన్న ఏర్పాటుతోనే.

మొదటి భర్త చనిపోయిన ఇళ్లలో సమ్మతి ప్రశ్న రాదు, మరణ ధ్రువపత్రం చాలు. అక్కడ అత్తమామలు అడ్డు తిరుగుతుంటారు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన అలాంటి ఓ కేసులో 2022 జులైలో సుప్రీంకోర్టు తల్లి పక్షాన నిలిచింది. బిడ్డకు సహజ సంరక్షకురాలిగా మిగిలింది ఆమే కాబట్టి ఇంటిపేరు నిర్ణయించే హక్కూ ఆమెదేనంది. రికార్డుల్లో రెండో భర్తను 'సవతి తండ్రి' అని రాయమనడం క్రూరమైన పని అన్నంత మాట అంది.

ఇంత తిరగలేక అడ్డదారి తొక్కేవాళ్లూ ఉన్నారు. 'ఆయన సంతకం ఎలా ఉంటుందో నాకు తెలుసులే' అని తామే గీసేస్తారు. అబద్ధపు పత్రం పెట్టినట్టు తేలితే కెనడా తలుపు అయిదేళ్లు మూతపడుతుంది. 'ముందు నేను వెళ్లిపోతా, పాప సంగతి తర్వాత చూద్దాం' అని దరఖాస్తులో పాప పేరే రాయనివాళ్లు ఇంకొందరు. ఇది మరీ ప్రమాదం. దరఖాస్తు నాడు చూపించని, వైద్యపరీక్షలు చేయించని బిడ్డను తర్వాత కుటుంబ సభ్యురాలిగా స్పాన్సర్ చేయడానికి సాధారణంగా కుదరదు. వెంట రాకపోయినా సరే, పేరు రాసి తీరాలి.

అసలు ఈ సంతకం అడగాల్సిన రోజు రెండో పెళ్లినాడు కాదు. విడాకులనాడే. పరస్పర అంగీకారంతో విడిపోయేటప్పుడు బంగారం, బీరువా, స్కూటరు సహా ఎవరికేది అని పూసగుచ్చినట్టు రాసుకుంటారు. బిడ్డ గురించి 'తల్లి వద్ద ఉండును' అని ఒక్క వాక్యంతో సరిపెడతారు. పాస్‌పోర్టు ఎవరు తీయిస్తారు, విదేశానికి వెళ్లాల్సి వస్తే ఏం చేయాలి, సెలవుల్లో ఎక్కడ ఉండాలి... ఇవన్నీ అప్పుడే రాసుకుంటే తర్వాత పని సులువవుతుంది. అవసరమైతే ఆ షరతులు మార్చే అధికారం హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కోర్టుకు ఇచ్చింది కూడా.

విజయవాడ అమ్మాయి విషయంలో ఆ వాక్యాలేవీ డిక్రీలో లేవు. కనుక ఇప్పుడు రాసుకోవాల్సిందే. సమ్మతి పత్రానికి తోడు విడిగా ఒక ఒప్పందం. బడి సెలవుల్లో ఏటా ఒకసారి పాపను తీసుకురావాలి, టికెట్టు ఎవరు కొనాలి, నాయనమ్మ ఇంట్లో ఎన్నాళ్లు ఉంచాలి, ప్రోగ్రెస్ కార్డు తండ్రికీ పంపాలి. వేరే దేశాల్లో ఉన్న తల్లిదండ్రుల విషయంలో చూసే హక్కే కాదు, మాట్లాడే హక్కూ ముఖ్యమని 2020లో సుప్రీంకోర్టు ఓ కేసులో చెప్పింది. బిడ్డతో రోజూ అయిదు పది నిమిషాలైనా మాట్లాడనివ్వాలంది. కాబట్టి వీడియో కాల్ కూడా ఒప్పందంలోకి ఎక్కాలి, గంటతో సహా. టొరంటోలో ఉదయం తొమ్మిదంటే విజయవాడలో వేసవిలో సాయంత్రం ఆరున్నర. చలికాలం అక్కడ గడియారాలు వెనక్కి తిప్పుతారు కాబట్టి ఏడున్నర. ఆ తేడా కూడా రాసి పెట్టుకోవాలి. లేకపోతే నవంబరులో మొదటి ఆదివారం ఆరున్నరకే ఫోన్ పట్టుకుని కూర్చున్న తండ్రి, గంటసేపు ఎదురుచూసి, మాట తప్పారనుకుంటాడు.