వైర్‌లెస్ చదువు - పల్లె పలుకు

ఇంటర్మీడియేట్ ఫలితములు వెలువడిన వారమున తెలుగునాట అనేక గృహములలో జరుగు చర్చ ఒక్కటే. పిల్లవానికి ఎలెక్ట్రానిక్స్, కమ్యూనికేషన్ ఇంజనీరింగులో సీటు దొరకునా, దొరకదా? తెలుగు ఎం.ఏ. గాని, జానపద విజ్ఞానము గాని, ప్రాంతీయ సంస్కృతి అధ్యయనము గాని ఆ చర్చలోనికి రానే రావు. వచ్చినను, సీటు దొరకనివానికి మిగిలిన దారిగా మాత్రమే వచ్చును. ఇందుకు తల్లిదండ్రులను తప్పుపట్టుటకు వీలులేదు. బ్రదుకుతెరువు చూపని చదువునకు బిడ్డను పంపుమని ఎవ్వరు చెప్పగలరు? తప్పు వేరొకచోట నున్నది. ఈ రెండు చదువులకును ఒకదానితో నొకదానికి పనిలేదని విశ్వవిద్యాలయములే తీర్మానించుకొని, రెండింటిని రెండు భవనములలో పెట్టి తలుపులు మూసినవి.

మొదట ఇట్లు లేదు. కలకత్తా విశ్వవిద్యాలయమున ఆశుతోష్ ముఖర్జీ ప్రోద్బలముతో 1919లో దేశభాషలలో ఎం.ఏ. చదువు ఏర్పడినది. దేశభాష ఎం.ఏ. పట్టమునకు తగునా యని పండితులే సందేహించిన కాలమది. ఆ విశ్వవిద్యాలయమునకే శిశిర్ కుమార్ మిత్ర 1923లో ఫ్రాన్సునుండి తిరిగివచ్చి, భౌతికశాస్త్ర ఎం.ఎస్సీ.లో వైర్‌లెస్ బోధన ప్రవేశపెట్టెను. ఆయన ప్రయోగశాలనుండి ప్రసారములు కూడ జరిగినవి. 1949లో అక్కడ రేడియో భౌతికమునకును, ఎలెక్ట్రానిక్స్‌కును ప్రత్యేక విభాగము వెలసినది. వీరందరికంటె ముందు, 1890 దశకమున, తీగ లేకుండ తరంగములను పంపి చూపిన జగదీశ్ చంద్ర బోసు బంగీయ సాహిత్య పరిషత్తుకు కొంతకాలము అధ్యక్షుడుగా నుండెను. తన మాతృభాషలో వ్యాసములు వ్రాసి 1921లో గ్రంథముగా ప్రకటించెను. తరంగమును గూర్చి ఆలోచించువాడు భాషను గూర్చి ఆలోచించుట ఆనాడు వింతగా తోచలేదు.

తెలుగువారికిని ఇట్టి సంప్రదాయము లేకపోలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున తెలుగు చదివిన బాలాంత్రపు రజనీకాంతరావు 1941లో మద్రాసు రేడియో కేంద్రమున ప్రవేశించి, తన జీవితమును ఆకాశవాణికి సమర్పించెను. ఆయన 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము'నకు 1961లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. మైకు ముందు కూర్చుండినవాడు పరిశోధన చేయలేడనుట ఎంత అసత్యమో ఆ ఒక్క గ్రంథమే చెప్పును. ఆ వాల్తేరులోనే, కొంతకాలమునకు, ఆచార్య భావరాజు రామచంద్రరావు ఆధ్వర్యవమున ఐనోస్ఫియరును గూర్చిన పరిశోధన జరిగినది. హ్రస్వ తరంగములను తిరుగగొట్టి దూరదేశముల శ్రోతలకు అందించునది ఆ పొరయే. ఒకే ప్రాంగణమున ఒకరు పాటను, మరియొకరు పాటను మోయు తరంగమును సాధించిరి. కాని ఒకరి పాఠము రెండవవారి విద్యార్థులకు వినిపించు ఏర్పాటు మాత్రము కలుగలేదు.

ఈ ఎడబాటువలన కలిగిన నష్టమేమో చూపుటకు దూరము పోనక్కరలేదు. బడిలో తెలుగు పంతులు క నుండి మ వరకు స్పర్శములని, య ర ల వ లు అంతస్థములని, శ ష స హ లు ఊష్మములని చెప్పును. ఊష్మములనగా ఊపిరి బుసగా వెలువడు అక్షరములు. పిల్లవాడు ఆ మాట వల్లించి, మార్కులు తెచ్చుకొని, మరచిపోవును. ఆ పిల్లవాడే ఇంజనీరింగు కళాశాలలో పాత టెలిఫోను పద్ధతి 300 మొదలు 3400 హెర్ట్‌జుల వరకే ధ్వనిని పంపునని చదువును. స కారమునందలి బుసధ్వని బలములో హెచ్చుభాగము 4000 హెర్ట్‌జులకు పైన నుండును. అనగా ఆ తీగ స కారమును సగము కోసివేసి పంపినదన్నమాట. టెలిఫోనులో స కారము ఫ కారముగా వినబడి, పేరును అక్షరమక్షరము విడదీసి చెప్పవలసివచ్చుట పెద్దలందరికిని అనుభవమే. నేటి సెల్‌ఫోను పద్ధతులలో 7000 హెర్ట్‌జుల వరకు పంపు వీలు ఏర్పడిన పిమ్మట ఈ చిక్కు చాల తగ్గినది. ఊష్మములను గూర్చి వైయాకరణులు చెప్పినదే వైర్‌లెస్ ఇంజనీరు లెక్కలోనికి వచ్చినది. కాని ఇంజనీరింగు విద్యార్థికి ఊష్మమను మాట జ్ఞాపకము లేదు. తెలుగు విద్యార్థికి హెర్ట్‌జు పరిచయము లేదు. 'పౌనఃపున్యము' అను చక్కని మాటను ఇద్దరును తొమ్మిదవ తరగతి దాటగానే విడిచిపెట్టినారు!

రెండవ నష్టము ఇంతకంటె పెద్దది. ఉస్మానియా విశ్వవిద్యాలయమున బిరుదురాజు రామరాజు 1950 దశకమున తెలుగు జానపద గేయ సాహిత్యముపై పరిశోధన చేసి, పల్లెపాటకు విశ్వవిద్యాలయమున పీట వేయించెను. భద్రిరాజు కృష్ణమూర్తి పర్యవేక్షణమున వ్యవసాయపు మాటలతో మాండలిక వృత్తిపదకోశము తొలి సంపుటము 1962లో వెలువడినది. ఇవి మహోపకారములు. అయినను కాగితముపైకి ఎక్కినది పాటలోని మాటయే, వరుస ఎక్కలేదు. నాట్లు వేయు స్త్రీలలో ఒకతె ఎత్తుకొనగా తక్కినవారు ఎక్కడ అందుకొందురో, ఒగ్గుకథకుడు డోలు దెబ్బ ఎక్కడ ఆపునో అచ్చులో కానరాదు. పాడినవారు పోయిన పిమ్మట ఆ వరుసను ఏ నిఘంటువునుండి తెచ్చుకొనవలెను?

నేడు ధ్వనిని ముద్రించు యంత్రము ప్రతి విద్యార్థి జేబులోను కలదు. కాని సంస్కృతీ అధ్యయనము చేయు విద్యార్థికి మైకు ఎంత దూరమున పెట్టవలెనో, గాలి చప్పుడు ఎట్లు తప్పించవలెనో చెప్పువారు అరుదు. ఏ రూపమున దాచిన ధ్వని కొంత నశించునో, ఏ రూపమున నశింపదో చెప్పువారు మరియు అరుదు. ఈ సంగతులన్నియు తెలిసినవాడు ప్రక్క భవనమున ఉన్నాడు. వానికి ఒగ్గుకథ యొకటి యున్నదని తెలియదు. ఇంతలో మనుష్యుని పలుకును గుర్తించు యంత్రములు వచ్చినవి. అవి విన్న పలుకునే నేర్చుకొనును. శ్రీకాకుళపు పలుకుబడిని, పాలమూరు యాసను ఎవ్వరును ముద్రించి ఇయ్యనిచో, ఆ ప్రాంతపు రైతు మాటను యంత్రము తప్పుగా వినును. అప్పుడు తన భాషను మార్చుకొనవలసినవాడు రైతే యగును.

ఈ రెండు చదువులును కలిసిన చోటు లేకపోలేదు. జహీరాబాదు సమీపమున మాచునూరు గ్రామమున 2008 అక్టోబరు 15న సంగం రేడియో ఆరంభమైనది. అక్కడి దళిత మహిళలు, చిన్నకమతముల రైతులు, తమ విత్తనములను గూర్చియు, తమ పంటలను గూర్చియు, తమ పాటలను తామే ముద్రించి, తామే కూర్చి, తమ యాసలోనే ప్రసారము చేసిరి. ఇంజనీరింగు పట్టము లేనివారు ప్రసారయంత్రమును నడపిరి. సంస్కృతీ శాస్త్రము చదువనివారు సంస్కృతిని నిలిపిరి. విద్యాసంస్థలకు ఇట్టి చిన్న రేడియో పెట్టుకొను అనుమతి ప్రజాసంఘములకంటె ముందే, 2002లోనే, లభించినది. ప్రజాసంఘములకు లభించినది 2006లో. ముందు ద్వారము తెరువబడినవారు వెనుకబడుట విచారింపదగిన విషయము.

ఇంజనీరింగు విద్యార్థికి ఇప్పటికే పాఠ్యభారము హెచ్చుగా నున్నది, ఈ క్రొత్త బరువేల యని ఆక్షేపింపవచ్చును. న్యాయమైన మాటయే. కాని ప్రతి ఇంజనీరింగు విద్యార్థియు చివరి సంవత్సరమున ఒక ప్రాజెక్టు చేయవలసియే యున్నది. అవి ఒకరివి చూచి మరియొకరు వ్రాయు పుస్తకములుగా మిగులుట ఉపాధ్యాయులెరుగనిది కాదు. వంద వాట్లకు మించని ప్రసారయంత్రమును, ఒక మండలపు పాటలను ముద్రించి భద్రపరచు పనిని ఒక తెలుగు విద్యార్థికి, ఒక వైర్‌లెస్ విద్యార్థికి ఉమ్మడి ప్రాజెక్టుగా ఇచ్చిన, క్రొత్త బరువేమియు లేదు. తెలుగు ఎం.ఏ.లో ధ్వనిముద్రణకు ఒక పత్రము కేటాయించిన, ఆ విద్యార్థికి అధ్యాపకవృత్తి కాక మరియొక బ్రదుకుతెరువు కూడ కానవచ్చును.

విశ్వవిద్యాలయ సంఘములు కదలువరకు పాఠశాలలు ఎదురుచూడనక్కరలేదు. వేసవి సెలవులలో ఒక్కొక్క విద్యార్థి తన అమ్మమ్మ గాని, నాయనమ్మ గాని పాడు పాటను ఒక్కదానిని ఫోనులో ముద్రించి తేవచ్చును. తలుపు కిటికీలు మూసి, పంకా ఆపి, ఫోనును జానెడు దూరమున నుంచవలెను. పాటకు ముందు ఊరిపేరు, పాడినవారి పేరు, వయస్సు, తేదీ, ఏ పని చేయుచు ఆ పాట పాడుదురో ఆ ముసలమ్మ నోటనే చెప్పించవలెను.