పడిన ధర – విప్పని మడత

ఆషాఢమాసము వచ్చినతోడనే మన పట్టణములలోని బట్టల దుకాణముల ముంగిట తగ్గింపు ధరల పలకలు వ్రేలాడును. వానిని జూచి లోనికేగిన గృహిణి తొందరపడి చీరను కొనదు. మడత విప్పించును, వెలుతురునకు పట్టి చూచును, పోగు తెగినదేమో, అంచు చిరిగినదేమో, రంగు వెలిసినదేమో యని పరీక్షించును. సగము వెలకు వచ్చినను చీకిపోయిన చీర చవుక కాదని యామె యెఱుగును. ఆ యింటి యజమానియో, అట్టి దుకాణములను వందలకొలది నడపు కంపెనీ వాటా యొక్కనాటిలో నూటికి ఇరువది వంతులు పడినదని వినినతోడనే మడత విప్పకయే కొనుచున్నాడు. వేయి రూపాయల చీరయెడ నున్న జాగరూకత లక్ష రూపాయల వాటాలయెడ లేకుండుట వింత గాదా?

ఈ ప్రశ్న కొలదిమంది ధనికులకు మాత్రమే సంబంధించినదని తలపరాదు. 2020 మార్చి నాటికి మన దేశమున వాటాలు దాచుకొను డీమాట్ ఖాతాలు సుమారు 4 కోట్లు. 2022 ఆగస్టులో అవి 10 కోట్లు దాటినవి. 2024 మార్చి నాటికి 15 కోట్లయినవి. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, చిల్లర వర్తకులు, చదువు ముగియని యువకులు సైతము నేడు వాటాదారులు. ప్రజల పొదుపు ప్రజల పరిశ్రమలకు చేరుట దేశమునకు క్షేమకరమే. కాని ఆ పొదుపు అజ్ఞానమువలన నశించెనేని, కుటుంబము చెడుటయే గాక, పరిశ్రమలయందు ప్రజలకు గల విశ్వాసము కూడ చెడును.

పొరపాటు ఎచ్చట నున్నది? "నిన్న 300 రూపాయలు, నేడు 200, కావున 100 రూపాయలు లాభమునకు వచ్చుచున్నది" అను లెక్కలో నున్నది. ధరకు జ్ఞాపకశక్తి లేదు. నిన్నటి ధర కొనువాని మనస్సులో నున్నదే గాని కంపెనీ పెట్టెలో లేదు. పడిన ధర మరల తన పూర్వస్థానమునకు పోవలయునను శాసనము లోకమున నెచ్చటను లేదు.

మహానుభవజ్ఞులు సైతము ఈ విషయమున నెట్లు మోసపోయిరో చూడుడు. ఇంగ్లాండు దేశపు టెస్కో కంపెనీ 1919లో జాక్ కోహెన్ అను వర్తకుడు లండను తూర్పుభాగపు సంతలో పెట్టిన చిన్న అంగడినుండి పెరిగి, ఆ దేశమున నగ్రస్థానము నందిన వర్తక సంస్థ. 2012 జనవరిలో, క్రిస్మసు అమ్మకములు ఆశించినంత సాగలేదనియు, లాభములు తగ్గుననియు ఆ సంస్థ ప్రకటింపగా, వాటా ధర యొక్క దినముననే నూటికి సుమారు 16 వంతులు పడిపోయెను. అంతకుమున్నే యందు వాటాలు గల అమెరికా ధనికుడు వారెన్ బఫెట్ గారు ఆ పతనమును అవకాశముగా నెంచి మఱికొన్ని కొని, తన కంపెనీ భాగమును నూటికి 5 వంతులకు మించునట్లు చేసిరి. ఆయన కొనెనని విని ఎందఱో ధైర్యము వహించిరి.

కాని ధర పడుటకు కారణము ఒక పండుగ అమ్మకము కాదు. స్వదేశమున ఆల్డీ, లిడిల్ అను జర్మను అంగళ్లు తక్కువ ధరలతో కొనువారిని ఆకర్షించుచుండెను. 2007లో అమెరికాలో తెఱచిన దుకాణములు నష్టములను తెచ్చిపెట్టి, 2013లో వదలివేయవలసిన స్థితికి వచ్చెను. 2014 సెప్టెంబరులో అంతకన్న ఘోరమైన వార్త వెలువడెను: సరకు పంపువారినుండి రావలసిన సొమ్మును ముందుగనే లెక్కలలో చేర్చుటచేత లాభము సుమారు 25 కోట్ల పౌనులు ఎక్కువగా చూపబడినదట! ఆ యార్థిక సంవత్సరము ముగియునప్పటికి కంపెనీ 640 కోట్ల పౌనుల నష్టమును ప్రకటించెను. బఫెట్ గారు తమ వాటాలన్నిటిని అమ్మివేసిరి. పన్నులు పోను నష్టము 44 కోట్ల 40 లక్షల డాలర్లని, అమ్ముటలో జాగు చేయుట తమ తప్పేయని, తమ వాటాదారులకు వ్రాసిన లేఖలో దాచక యొప్పుకొనిరి. టెస్కో నశింపలేదు; పిమ్మట కోలుకొన్నది. కాని సంస్థ బ్రతుకుట వేఱు, 2012లో కొన్నవాని సొమ్ము తిరిగివచ్చుట వేఱు.

ఐనచో పడిన వాటాను ఎన్నడును కొనరాదా? అట్లనుటయు అవివేకమే. 2015 అక్టోబరులో అమెరికాలోని వాల్‌మార్టు కంపెనీ వాటా యొక్క దినమున నూటికి 10 వంతులు పడి 60 డాలర్ల ప్రాంతమునకు దిగెను. పనివారి వేతనములు పెంచుటకును, అంతర్జాల వర్తకమును వృద్ధిచేయుటకును ధనము వెచ్చింపవలసియున్నదనియు, కావున రానున్న సంవత్సరమున ఆదాయము తగ్గుననియు కంపెనీ ముందుగనే చెప్పుటయే కారణము. అప్పుడు కొని ఓపికతో నుంచుకొన్నవారికి, 2024 ఫిబ్రవరిలో ఒక్కొక్క వాటాను మూడుగా విభజించునాటికి, సొమ్ము మూడింతలకు దగ్గరగా పెరిగెను. 2018లో మన దేశపు ఫ్లిప్‌కార్టున అధికభాగమును కొన్నది ఈ సంస్థయే.

రెండు పతనములును పైకి ఒక్క తీరుననే కానవచ్చును. రెండును పేరెన్నికగన్న సంస్థలు. రెండును లాభములు తగ్గునని చెప్పినవి. ఒకటి విత్తనము కొఱకు గింజలు తీసిన గాదె. రెండవది అడుగున చెద పట్టిన గాదె. ధరను మాత్రమే చూచువానికి ఈ భేదము కానరాదు.

ఈ పాఠము నేర్చుటకు సముద్రములు దాటనక్కఱలేదు. 2001లో ఆరంభమైన బిగ్ బజార్ దుకాణములు మొదట వెలసిన నగరములలో మన హైదరాబాదు నొకటి. వానిని నడపిన ఫ్యూచర్ రిటైల్ కంపెనీ వాటా 2020 ఆరంభమున 300 రూపాయలకు పైన నుండి, మార్చి ముగియునప్పటికి నూరు రూపాయల లోనికి దిగెను. "ఇది మహమ్మారివలన వచ్చిన మూతబడి, దుకాణములు తెఱచినతోడనే ధర లేచును" అని కొన్నవారు పెక్కుమంది. కాని ఆ సంస్థ ఋణభారమున మునిగియుండెను. దాని స్థాపకుల వాటాలలో అధికభాగము ఋణదాతలకు తాకట్టు పడియుండెను. 2020 ఆగస్టులో ఫ్యూచర్ సంస్థల వ్యాపారమును 24,713 కోట్ల రూపాయలకు రిలయన్సు కొనునను ప్రకటన వెలువడగా ఆశలు చిగిర్చెను. అమెజాన్ సంస్థతో వివాదము న్యాయస్థానములకెక్కెను. 2022 ఏప్రిలులో ఋణదాతలు ఒప్పుకొననందున ఆ యేర్పాటు రద్దయ్యెను. ఆ జూలైలో కంపెనీ దివాలా విచారణకు వచ్చెను. ఋణదాతలు కోరిన మొత్తము 20 వేల కోట్ల రూపాయలకు పైబడెను. 2024 జూలైలో కంపెనీని మూసివేసి ఆస్తులను అమ్ముటకు ఉత్తరువు వెలువడెను. 300కు చూచి 80కి కొన్నవాడును, 80కి చూచి 20కి కొన్నవాడును తాము చవుకగా కొంటిమనియే తలచిరి. ధర తుదకు కొలది రూపాయలకు జాఱెను.

వాటాదారు ఎవడో ఇచ్చట స్మరింపవలెను. 2016 నాటి దివాలా చట్టము ననుసరించి మూతపడిన కంపెనీ ఆస్తులను పంచునపుడు, ఆ వ్యవహారపు ఖర్చులు, తాకట్టు గల ఋణదాతలు, పనివారు, ప్రభుత్వపు బాకీలు మొదలగువాని పిమ్మట కట్టకడపటి వరుసలో నిలుచువాడు సామాన్య వాటాదారు. పంక్తి చివర కూర్చున్నవాడు గిన్నెలో నేమి మిగిలినదో చూచి కూర్చుండుట మంచిది.

కావున మడత విప్పి చూడవలసిన స్థలములు నాలుగు. మొదటిది, ధర ఏల పడినది? అంగడియంతయు పడినప్పుడు పడినదా, ఇది యొక్కటియే పడినదా? రెండవది, పాత దుకాణములలో అమ్మకము పెరుగుచున్నదా, తగ్గుచున్నదా? క్రొత్త దుకాణములను తెఱచి మొత్తమును పెంచి చూపుట సులభము. పాతవే నిజము చెప్పును. మూడవది, అప్పెంత, అద్దె యెంత, అమ్ముడుపోక నిలిచిన సరకెంత? అమ్మకముకన్న నిలువ సరకు వేగముగ పెరిగెనేని అది రోగచిహ్నము. నాలుగవది, స్థాపకుల వాటాలు తాకట్టులో నున్నవా? ఈ సంగతులు కొన్ని మూడుమాసముల లెక్కలలోను, కొన్ని వార్షిక నివేదికలలోను దొరకును. అవి యధికముగా ఆంగ్లముననే యుండుటచేత మనవారు చదువక, చెవినబడిన మాటను నమ్ముచున్నారు. పఠనమందిరములవారు వారమునకొక సాయంకాలము ఇట్టి నివేదిక నొకదానిని తెలుగున చదివి వివరించెదరేని, అంతకు మించిన ప్రజాసేవ యుండదు.

ఇన్ని చూచినను పొరపాటు జరుగవచ్చును. బఫెట్ గారి జీవితమంతయు లెక్కలు చదువుటయే, ఆయనయు నష్టపోయిరి. ఐనను ఆ నష్టము ఆయన కంపెనీ నికర ఆస్తిలో నూటికి ఐదవవంతు మాత్రమే, అనగా అయిదువందలకు ఒక్క రూపాయి. మన గుమాస్తా తన కూడబెట్టినదంతయు, అది చాలక అప్పు తెచ్చియు, ఒక్క వాటాలో పోయుచున్నాడు. ఇంకను పడినచో "సరాసరి తగ్గును" అని మఱల కొనుచున్నాడు. ఆయన తప్పు లేఖలో నొక పేరా యయ్యెను. ఇతని తప్పు బిడ్డ చదువును, కూతురి పెండ్లిని, వృద్ధాప్యపు తిండిని మ్రింగివేయును. అప్పు చేసి పడిన వాటాను కొనరాదు. పోయినను సంసారము తొట్రుపడని మేరకు మించి కొనరాదు.

ధైర్యము మంచిదే. కాని మడత విప్పి చూచినవాని ధైర్యమునకును, విప్పకయే మూటగట్టుకొన్నవాని సాహసమునకును ఎంతయో దూరము కలదు. వాటా కొనబోవు యజమాని ముందుగా ఇంటిలోని గృహిణి నడుగుట మేలు. ఆమె అడుగు మొదటి ప్రశ్న "ఎంత తగ్గినది?" అని కాదు, "ఏల తగ్గించినారు?" అని.