ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌కు స్క్రిప్టు దారి కావాలి

ఢిల్లీలో జేఎన్‌యూ దగ్గర ఉన్న ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్ అనగానే భౌతికశాస్త్రం చదివినవారికి పెల్లెట్రాన్ గుర్తొస్తుంది. కాలేజీ విద్యార్థులకు మాత్రం ఆ సంస్థ ఇచ్చిన మేలైన వస్తువు ‘ఎక్స్‌పైజ్’ అనే చిన్న పెట్టె అని నా అభిప్రాయం. ‘ఫీనిక్స్’ ప్రాజెక్టులో తయారైన ఈ పరికరాన్ని యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపి వోల్టేజీ, కాలం వంటివి కొలవొచ్చు. చాలామంది దాని చవకదనాన్ని మెచ్చుకుంటారు. నాకు నచ్చింది అందులో పనిని పంచిన తీరు.

ఇనుప గుండును 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలితే కింద పడటానికి దాదాపు 0.247 సెకను పడుతుంది. ఆ కాలాన్ని కంప్యూటర్‌లోని పైథాన్ ప్రోగ్రాంతోనే కొలవబోతే చిక్కే. ఆపరేటింగ్ సిస్టం మధ్యలో ఇంకో పనికి వెళ్లి 5 మిల్లీసెకన్లు ఆలస్యం చేసిందా, గురుత్వ త్వరణం విలువ 4 శాతం తప్పుతుంది. అందుకే కాలం లెక్కను పెట్టె లోపలి మైక్రోకంట్రోలర్‌కు అప్పగించారు. అందులో ముందే కంపైల్ చేసి పెట్టిన సి ప్రోగ్రాం మైక్రోసెకన్లలో లెక్కిస్తుంది. పైథాన్ ‘ఎంత పట్టింది?’ అని అడిగి జవాబు తీసుకుంటుంది. ప్రయోగం ఎన్నిసార్లు చేయాలి, ఏ గ్రాఫ్ గీయాలి అన్నది విద్యార్థి రాసుకునే నాలుగు వరుసల్లో ఉంటుంది.

ఇక్కడ రెండు భాషలూ వేర్వేరు చోట్ల నడుస్తున్నాయి. ఒకే ప్రోగ్రాం లోపల కూడా ఇలా చేయొచ్చు. 1993లో రియో డి జనీరోలో పుట్టిన లువా భాష ఇందుకు బాగా పనికొస్తుంది. దాని ఇంటర్‌ప్రెటర్‌ను మన సి ప్రోగ్రాంలో లైబ్రరీలా కలిపి, బయటికి ఇవ్వదలచిన ఫంక్షన్లను మాత్రం పేర్లతో నమోదు చేస్తే చాలు. బొమ్మలు చేసే బ్లెండర్ పైథాన్‌ను ఇలాగే కడుపులో పెట్టుకుంది.

మన కాలేజీ ల్యాబులకు పరికరాలతోపాటు వచ్చే సాఫ్ట్‌వేర్‌లో తరచు కనిపించేది నాలుగు బటన్లు. ఐదో పని కావాలంటే దారి లేదు. వంద రీడింగులకు వందసార్లు మౌస్ నొక్కాలి. ఎమ్మెస్సీ విద్యార్థి నేర్చుకునేది ప్రయోగమా, నొక్కడమా?

స్క్రిప్టుకు దారిస్తే పిల్లలు పరికరాన్ని కాల్చేస్తారన్న భయం ఉంది. ఆ భయం సహేతుకమే. వోల్టేజీ హద్దును కంపైల్ చేసిన భాగంలోనే తనిఖీ చేయాలి. స్క్రిప్టు 500 అడిగినా పెట్టె 5 దాటి ఇవ్వకూడదు. లువాలోనైతే ఫైళ్లను ముట్టుకునే లైబ్రరీని అసలు చేర్చకుండానే వదిలేయొచ్చు. నా దృష్టిలో అసలు ఖర్చు వేరే ఉంది. ఒకసారి బయటపెట్టిన ఫంక్షన్‌ను తర్వాత ఇష్టం వచ్చినట్టు మార్చడానికి లేదు. 2020లో పైథాన్ 2కు మద్దతు ఆగిపోయాక పాత స్క్రిప్టులను నమ్ముకున్నవారికి ఈ సంగతి బాగానే తెలిసొచ్చింది. కాబట్టి పది ఫంక్షన్లే ఇచ్చినా సరే, వాటిని కదపకుండా ఉంచాలి.

ప్రజాధనంతో కొనే ల్యాబ్ పరికరాల టెండర్లలో, స్క్రిప్టుతో నడిపే వీలు, దానికి తగిన వివరణ పత్రం ఉండాలన్న షరతు చేర్చాలి. విభాగాల్లో ఇప్పటికే నడుస్తున్న సి, ఫోర్ట్రాన్ ప్రోగ్రాంలను పారేసి కొత్తవి రాయనక్కర్లేదు. వాటిలో నాలుగైదు ఫంక్షన్లను పైథాన్ నుంచి పిలిచేలా చేయడం ఒక ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు సరిపోయే పని.