ఉద్యోగం మారడం నేరమా?

మా నరసరావుపేట, మాచర్ల, గురజాల వైపు ఆడపిల్లలు హైదరాబాద్, బెంగుళూరు వెళ్ళి ఉద్యోగాలు చేయడం కొత్తేమీ కాదు. రాజీనామా ఇవ్వగానే కొందరికి ఎదురయ్యే బెదిరింపే కొత్త: "మా రహస్యాలు పట్టుకెళ్ళి పోటీ కంపెనీలో చేరితే జైలే!"

ఇందులో కొంత నిజముంది. 2008లో పంజాబ్, హర్యానా హైకోర్టుకు వచ్చిన కేసే చూడండి. జేసీబీ ఇండియా ఉద్యోగి ఒకరు రహస్య సమాచారాన్ని సొంత ఈ-మెయిల్‌కు పంపుకుని పోటీ సంస్థలో చేరారన్నది ఆరోపణ. ముందస్తు బెయిలు అడిగితే కోర్టు నిరాకరించింది. అంతమాత్రాన నేరం రుజువైనట్టు కాదు. కానీ మధ్యతరగతి ఇంటికి అరెస్టు భయమే సగం శిక్ష కదా!

వ్యాపార రహస్యాలకు మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు. నమ్మి అప్పగించిన ఆస్తిని ఉద్యోగి కాజేస్తే పూర్వం ఐపీసీ 408 కింద కేసు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 316(4) వచ్చింది. ఏడేళ్ళ దాకా జైలు. అనుమతి లేకుండా, దురుద్దేశంతో కంప్యూటర్‌లోని డేటా కాపీ చేస్తే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, లేదా 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

అయితే మన మిరప చేలనే చూడండి. కోతకొచ్చిన ఆమె నిన్న ఒకరి చేలో, ఇవాళ ఇంకొకరి చేలో కోస్తుంది. కాయలు రైతువి, చేతి నేర్పు ఆమెది. ఉద్యోగమూ అంతే. ఫైళ్ళు కంపెనీవి, నేర్చుకున్న పని మీది. "మానేశాక రెండేళ్ళు పోటీ సంస్థలో చేరను" అని సంతకం పెట్టించుకున్నా, 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం అది సాధారణంగా చెల్లదు. ఇది తెలియకే కొందరు మంచి జీతం వదులుకుంటున్నారు.

2024 మార్చిలో లా కమిషన్ తన 289వ నివేదికలో ప్రత్యేక చట్టం కావాలంది. అక్రమాలను బయటపెట్టే వారికి మినహాయింపు ఉండాలనీ చెప్పింది. నా దృష్టిలో ఆడవాళ్ళకు ఇదే కీలకం. ఆఫీసులో వేధింపుల గురించి ఫిర్యాదు చేసిన పిల్ల మీద 'రహస్యం దొంగిలించింది' అని ఎదురు కేసు పెట్టే వీలు ఉండకూడదు.

అమ్మాయిలూ, మానేసే రోజు కాగితాలు, లాప్‌టాప్ అప్పగించి రసీదు తీసుకోండి. ఆఫీసు ఫైళ్ళు సొంత ఫోన్‌లోకి పంపుకోకండి. కొత్త యజమాని "పాత కస్టమర్ల జాబితా తెస్తావా?" అంటే కుదరదని చెప్పండి. కేసు వస్తే ఇరుక్కునేది ముందు మీరే.