పద్దెనిమిది నిండని తమ్ముడి మీద తాగుడు కేసు పెడితే...

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది మన ఏజెన్సీ ఊళ్లలో కొత్త సంగతేం కాదు. సంత రోజో, జాతర రాత్రో ఇంటర్ చదివే కుర్రాడు తాగి రోడ్డు మీద గొడవ చేశాడని స్టేషన్‌కు తీసుకెళ్తారు. అమ్మానాన్న పరుగున వస్తారు. ఎవరో ఒకరు సలహా ఇస్తారు: "చిన్న కేసే. వయసు 19 అని రాయించి, తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టేయండి. ఈ రోజే అయిపోద్ది." కూలి పోగొట్టుకుని వచ్చిన తండ్రికి అదే సులువనిపిస్తది.

ఆ సలహాకి మాత్రం ఒప్పుకోకండి. పెద్దవాడిగా తప్పు ఒప్పుకుంటే అది శిక్ష పడినట్టే లెక్క. రేపు కానిస్టేబుల్ ఉద్యోగానికో, ఆర్మీకో పోతే పోలీస్ వెరిఫికేషన్‌లో అదే అడ్డమొస్తది.

ముందు కేసేంటో తెలుసుకోండి. తాగి బహిరంగ స్థలంలో ఇతరులను ఇబ్బంది పెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 355 వర్తిస్తుంది. గరిష్ఠ శిక్ష 24 గంటల సాధారణ జైలు, లేదా 1000 రూపాయల జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజ సేవ. నోట్లో వాసన వస్తే సరిపోదు, ఎవరినో ఇబ్బంది పెట్టినట్టు రుజువు కావాలి.

18 నిండని పిల్లలకు ఇంకో చట్టం ఉంది: జువెనైల్ జస్టిస్ చట్టం, 2015. దాని ప్రకారం ఇది చిన్న నేరం. పెద్దవాళ్లతో కలిసి చేశాడనే ఆరోపణ ఉంటే తప్ప ఇలాంటి దానికి ఎఫ్ఐఆర్ కట్టకూడదు. స్టేషన్ డైరీలో రాసి, ఇంటి పరిస్థితుల మీద రిపోర్టు బోర్డుకు పంపాలి. పిల్లవాడిని లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు, వాంగ్మూలం మీద సంతకం పెట్టమనకూడదు. పట్టుకుంటే ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుకు తీసుకెళ్లాలి. బెయిల్ ఇవ్వడమే నియమం. విడిచిపెడితే పిల్లవాడికే ప్రమాదం లాంటి కొన్ని కారణాలుంటేనే ఆపగలరు.

అన్నిటికీ మూలం వయసు. మన ఆధార్ కార్డుల్లో చాలామందికి జనవరి 1 అనే ఉంటది. చట్టం మొదట చూసేది స్కూల్ ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్, లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకుంటే పంచాయతీ జనన ధృవపత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. కాబట్టి ఆశ్రమ పాఠశాలలో చదివిన కాగితం ఇంట్లో భద్రంగా పెట్టుకోండి, ఫోన్‌లో ఫొటో తీసి ఉంచండి.

బోర్డు ముందు రెండు దారులున్నాయి. గొడవ చేయలేదంటే గట్టిగా కాదనండి. చేసి ఉంటే లాయర్‌తో మాట్లాడాకే ఒప్పుకోండి. మందలింపు, కౌన్సెలింగ్, సమాజ సేవ లాంటి వాటితో బోర్డు ముగించవచ్చు. చిన్న నేరంలో విచారణ నాలుగు నెలల్లో, పొడిగిస్తే మరో రెండు నెలల్లో తేలకపోతే కేసు మూసేయాల్సిందే. ఒకవేళ తప్పు రుజువైనా, సెక్షన్ 24 ప్రకారం అది రేపటి ఉద్యోగానికి అనర్హత కాకూడదు.

లాయర్‌కి డబ్బుల్లేవని వెనకాడొద్దు. ఎస్టీలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఇస్తారు. 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098. ఇప్పటికే 19 అని రాయించి ఫైన్ కట్టేసి ఉన్నా దారి మూసుకుపోలేదు. అప్పటికి మైనర్‌నని ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, కేసు ముగిశాక కూడా చెప్పుకోవచ్చు.

ఇంకో మాట. ఆ పిల్లవాడి ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి. కేసులో ఉన్న మైనర్ పేరు, ముఖం మీడియాలో బయటపెట్టడం నేరం. ఇక ఆ సీసా ఎవరిచ్చారో అడగాలి కదా! పిల్లలకు మందు ఇస్తే సెక్షన్ 77 కింద ఏడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. బెల్టు షాపును వదిలేసి పిల్లవాడి మీదే కేసెందుకు? పండక్కి పిల్లల చేతికి గ్లాసు ఇచ్చే మన పెద్దలు కూడా ఇది ఆలోచించాలి. ఊళ్లో మందు అమ్మకాన్ని కట్టడి చేసే అధికారం పీసా చట్టం గ్రామసభకు ఇచ్చింది. వచ్చే గ్రామసభలో ఆ మాట ఎత్తండి.

తాగుడును వెనకేసుకు రావడం లేదు. 17 ఏళ్ల పిల్లవాడు చేసిన ఒక్క రాత్రి గొడవకు వాడి బతుకంతా బలి కావొద్దంటున్నాం. ఈసారి మీ ఊరి నుంచి ఫోన్ వస్తే, ఫైన్ డబ్బులు వెతికే ముందు స్కూల్ సర్టిఫికెట్ పట్టుకుని స్టేషన్‌కు వెళ్లండి.

జై ఆదివాసీ!