మోటారు పోతే మొదట వెతికే గుడిసె

పులికాట్ సరస్సు ఒడ్డున తడ మండలంలో ఒక ఊళ్ళో ఈ వారం రొయ్యల గుంట కాడ మోటారు పోయింది. రాత్రి ఎవరు ఎత్తుకెళ్ళారో తెల్లారేసరికి ఎవరికీ తెలియదు. ఎక్కడ వెతకాలో మాత్రం అందరికీ తెలుసు. కట్ట కింద ఉన్న యానాది తెగవాళ్ళ నాలుగు గుడిసెల్లోంచి సత్తు గిన్నెలు బయటికొచ్చి పడ్డాయి. చేపల బుట్ట బోర్లా పడింది. మూటగట్టి దాచుకున్న రేషన్ బియ్యం ఇసకలో కలిసింది. మోటారు దొరకలేదు. ముసలామె ఆ బియ్యాన్ని చేటలోకి ఎత్తుకుని ఇసక చెరుగుతుంటే, గుంట యజమాని పంపిన మనిషి "వీళ్ళు కాకపోతే వీళ్ళ చుట్టాలై ఉంటారు" అని తేల్చి బండెక్కి వెళ్ళిపోయాడు. ఫిర్యాదు లేదు, సాక్ష్యం లేదు, క్షమాపణ అంతకన్నా లేదు.

పట్నాల్లో చదువుకున్నవాళ్ళ వాదన మరోటి. పాత ఇంగ్లీషు నవలల్లో జాతిద్వేషం మాటలు తీసేయాలా, అలాగే ఉంచాలా అని సభల్లో ఆవేశంగా మాట్లాడుకుంటున్నారు. మాట్లాడుకోవాల్సిన విషయమే. కానీ ఆ నవలలు మనిషిని ఏ కంటితో చూశాయో, అదే కన్ను పులికాట్ ఒడ్డున ఇవాళ్టికీ తెరుచుకునే ఉంది. దాని గురించి ఏ సభలోనూ ఒక్క మాట వినపడదు.

షెర్లాక్ హోమ్స్ తెలుగు పాఠకులకు కొత్తవాడు కాదు. 1890లో కానన్ డాయిల్ రాసిన 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో టోంగా అనే అండమాన్ ఆదివాసి ఉంటాడు. పొట్టివాడు, విషపు ముల్లు ఊది మనిషిని చంపుతాడు. అతను కనిపించక ముందే హోమ్స్ ఒక గెజిటీర్ తెరిచి, అండమాన్ వాళ్ళు క్రూరులని, నరమాంసం తింటారని చదివి వినిపిస్తాడు. నరమాంసం మాటకు ఆధారమే లేదు. అయినా పాఠకుడు ఆ పుటలోనే తీర్పు చెప్పేసుకుంటాడు. తరవాత పడవ మీద టోంగా ముఖం చూసి వాట్సన్ జడుసుకుంటే పాఠకుడూ జడుసుకుంటాడు. తన వైపు కథ చెప్పుకోవడానికి టోంగాకు నవలలో చోటే లేదు.

ఆ గెజిటీర్ నవలలోది. మన దగ్గరివి మాత్రం నిజం పుస్తకాలే. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద, తెగల మీద 1909లో ఏడు సంపుటాలు అచ్చు వేయించాడు. మనుషుల ముక్కులు, తలలు కొలిచి అంకెలు వేసుకున్నవాడు ఆయన. యానాదులు ఏడో సంపుటంలో ఉన్నారు. 1871 నాటి నేరస్త జాతుల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. పుట్టుకతోనే దొంగలని కొన్ని తెగలకు సర్కారే ముద్ర వేసింది. యానాదులూ ఆ ముద్ర మోశారు. వేలిముద్రలు ఇవ్వాలి, స్టేషనుకెళ్ళి హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చెప్పి పోవాలి. నెల్లూరు జిల్లా కప్పరాళ్ళతిప్పలో వాళ్ళ కోసం సెటిల్‌మెంటు కూడా పెట్టారు. లండన్‌లో నవల రాసిన చేతికీ, మద్రాసులో చట్టం రాసిన చేతికీ ఆదివాసి అంటే ఉన్నది ఒకటే అభిప్రాయం.

నెల్లూరు వకీలు వెన్నెలకంటి రాఘవయ్య ఈ ముద్ర చెరపడానికి దశాబ్దాలు తిరిగాడు. యానాదుల గుడిసెల్లో కూర్చుని వాళ్ళ బతుకు తెలుసుకున్నాడు. 1962లో వాళ్ళ మీద పుస్తకమే రాశాడు. ఆయనలాంటివాళ్ళ పోరాటంతో ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది.

ఇప్పుడు ఒక పిల్లల పుస్తకం సంగతి. రోల్డ్ డాల్ రాసిన 'చార్లీ అండ్ ది చాక్లెట్ ఫ్యాక్టరీ' 1964లో వచ్చింది. మొదటి ప్రతిలో ఊంపా లూంపాలు ఆఫ్రికా అడవి నుంచి తెచ్చిన పొట్టి నల్లవాళ్ళు. పెట్టెల్లో పెట్టి తెచ్చి, కోకో గింజలే కూలిగా ఇచ్చి పని చేయించుకుంటారు. అమెరికా నల్లజాతి సంఘం అభ్యంతరం చెప్పింది. 1973లో ఆ భాగం మార్చి కొత్త ప్రతి వేశారు. 2023లో ప్రచురణకర్తలు డాల్ పుస్తకాల్లో ఇంకెన్నో మాటలు మారిస్తే ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. కథలో తప్పు దిద్దడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. చట్టం పోయి డెబ్బై ఏళ్ళు దాటినా యానాది మీద ముద్ర పోలేదు.

కూలి సంగతీ అంతే. 2025 మేలో తిరుపతి జిల్లాలో బయటపడిన ఘోరం చాలామంది అప్పుడే మరిచిపోయారు. బాతులు మేపే ఆసామి దగ్గర ఒక యానాది కుటుంబం 25 వేల రూపాయల అప్పు కింద చాకిరీ చేసింది. భర్త చనిపోయాక తల్లి వెళ్ళిపోతానంటే అప్పు వడ్డీతో 45 వేలయిందన్నారు. డబ్బు తెచ్చేదాకా తొమ్మిదేళ్ళ కొడుకును తాకట్టుగా ఉంచుకున్నారు. ఆమె డబ్బు సిద్ధం చేసుకునేసరికి పిల్లవాడు లేడు. తమిళనాడులో కాంచీపురం దగ్గర పాతిపెట్టిన శవాన్ని పోలీసులు తవ్వి తీశారు. వెట్టిచాకిరీ నిషేధ చట్టం వచ్చింది 1976లో.

2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేథాలో తెలుగు ఇంజనీరును "మా దేశం నుంచి పో" అంటూ కాల్చి చంపితే తెలుగు నేల అంతా ఉడికిపోయింది. ఉడకాల్సిందే. 2023లో సియాటిల్‌లో పోలీసు కారు గుద్ది ఆదోని అమ్మాయి చనిపోతే, ఆ ప్రాణానికి పెద్ద విలువ లేదన్నట్టు ఒక పోలీసు అధికారి నవ్వుతూ మాట్లాడిన రికార్డు బయటికొచ్చింది. తెలుగువాళ్ళు ఊరుకోలేదు. మరుసటి ఏడు అతని ఉద్యోగం పోయింది. మరి తిరుపతి జిల్లా పిల్లవాడి ప్రాణానికి 45 వేలు వెల కట్టినప్పుడు అమెరికా తెలుగు సంఘాల్లో ఎన్ని కొవ్వొత్తులు వెలిగాయి? అక్కడ మనకు జరిగితే జాతివివక్ష, ఇక్కడ మనం చేస్తే ఊరి కట్టుబాటు. ఈ లెక్క ఎవరికి నప్పుతుంది?

సుప్రీంకోర్టుకు మాత్రం లెక్క స్పష్టంగానే తెలిసింది. 2024 అక్టోబరు 3న జైలు మాన్యువళ్ళలో కులం చూసి పనులు పంచే నిబంధనలను కొట్టేస్తూ, ఆ పాత నేరస్త జాతుల చట్టం నీడ ఇంకా రాజ్యమేలుతోందని తప్పుపట్టింది. ఒకప్పుడు ముద్ర పడ్డ తెగలవాళ్ళను ఇష్టం వచ్చినట్టు అరెస్టు చేయకూడదని పోలీసులకు చెప్పింది. ఆ తీర్పు సారాన్ని తెలుగులో అచ్చు వేసి తడ, సూళ్ళూరుపేట, సత్యవేడు స్టేషన్లలో గోడకు అంటించడానికి ఎంత ఖర్చవుతుంది?

ఖర్చు మాట వచ్చింది కాబట్టి గ్రంథాలయాల సంగతీ అడగాలి. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా జనం కడుతున్నారు. 1960 చట్టం ప్రకారం అది పుస్తకాలకు, గ్రంథాలయాలకు పోవాలి. స్థానిక సంస్థలు వసూలు చేస్తాయి, గ్రంథాలయ సంస్థలకు బకాయి పెడతాయి. పల్లె గ్రంథాలయంలో దినపత్రిక, పోటీ పరీక్షల పుస్తకం తప్ప కొత్త అట్ట కనపడదు. పాత నవలను దిద్దాలా వద్దా అని వాదించే ముందు, దిద్దాల్సిన అవసరమే లేని నవల ఎక్కడ దొరుకుతుందో చెప్పాలి.

అలాంటి నవల ఈ చిత్తూరు సీమలోనే పుట్టింది. డాక్టర్ కేశవరెడ్డి నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు వైద్యం చేస్తూ, రాతలో మాత్రం తన సీమను వదలలేదు. ఆయన 'చివరి గుడిసె' యానాదుల బతుకు మీద రాసిన నవల. అందులో యానాది టోంగాలా చీకట్లోంచి దూకే నీడ కాదు. ఆకలీ, అభిమానమూ, తెలివీ ఉన్న మనిషి. 2015లో కేశవరెడ్డి పోయాక సంతాప సభలు జరిగాయి, వ్యాసాలు వచ్చాయి. ఆ నవల పులికాట్ చుట్టుపక్కల ఎన్ని బడులకు చేరింది? రాఘవయ్య పుస్తకం తెలుగులో ఏ యానాది పిల్లవాడి చేతికి అందింది? ఆంధ్రప్రదేశ్‌లో యానాదులు లక్షల్లో ఉన్నారు. వాళ్ళ గురించి రాసిన రెండు మంచి పుస్తకాలు వాళ్ళుండే మండలాల్లో దొరకకపోతే, సెస్సు వసూలు చేసినవాళ్ళు జవాబు చెప్పాలి.

గ్రంథాలయ సంస్థ ఈ ఏడు కొనే జాబితాలో ఈ రెండింటినీ చేర్చాలి. రాఘవయ్య పుస్తకానికి మంచి తెలుగు అనువాదం వేయించాలి. తొమ్మిదో తరగతి ఉపవాచకానికి కేశవరెడ్డి నవలలోంచి ఒక అధ్యాయం చాలు. సెస్సు బకాయి ఎంత ఉందో, పుస్తకాల జాబితా ఎవరు వేస్తున్నారో తెలుసుకోవడానికి సమాచార హక్కు కింద పెట్టే దరఖాస్తుకు అయ్యే రుసుము పది రూపాయలకు మించదు. తడ, వరదయ్యపాళెం, సత్యవేడు పంచాయతీల్లో పన్ను రశీదు ఉన్న ఎవరైనా ఆ దరఖాస్తు సోమవారం పొద్దునే ఇవ్వొచ్చు.